తండ్రి పేరు లేని గడి – వంశచరిత్రలో వివాహేతర సంతానం

బంధువాచకాలు నేర్పడానికి పిల్లల చేత వంశవృక్షం గీయించడం మన తెలుగు తరగతులలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇంట్లో తెలుగుతో పాటు తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో వినిపించే పిల్లలకు మేనత్తకూ పినతల్లికీ, మేనమామకూ చిన్నాన్నకూ ఉన్న తేడా పటం మీద చూపితేనే పట్టుబడుతుంది. ఆసక్తి గల పిల్లలు కొందరు అంతటితో ఆగరు. తాతను అడుగుతారు, పెట్టెలోని పాత కాగితాలు తీయిస్తారు, ఈ రోజుల్లో అంతర్జాలంలో పాత రిజిస్టర్ల చిత్రాలు కూడా వెదుకుతారు. అట్లా వెదికే క్రమంలో ఎక్కడో ఒకచోట గీత తెగిపోతుంది. ఒక ముత్తవ్వకు కొడుకు ఉంటాడు, భర్త కనిపించడు. ఒక పాత కాగితంలో తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంటుంది. అడిగితే పెద్దలు మాట మారుస్తారు. బిడ్డ ఆ గడిలో ఏమి రాయాలో తెలియక మన దగ్గరకు వస్తుంది.

అప్పుడు మనం చెప్పే జవాబు చిన్నదే అయినా దాని వెనుక కొంత చరిత్ర తెలిసి ఉండడం అవసరం. ఎందుకంటే ఆ ఖాళీ చాలాసార్లు కుటుంబం చేసినది కాదు. రాసిన గుమాస్తా పాటించిన చట్టం చేసినది.

ముందుగా మాట విషయం. 'అక్రమ సంతానం' అనే పదం పత్రికలలోనూ, న్యాయస్థానాల తెలుగులోనూ స్థిరపడిపోయింది. పుట్టిన బిడ్డకు క్రమమేమిటి, అక్రమమేమిటి? ఆ మాటను నేను పాఠంలో వాడను, మీరూ వాడవద్దని కోరుతాను. 'వివాహేతర సంతానం' అంటే చాలు. అయితే పాత పత్రంలో ఏ మాట ఉన్నదో ఆ మాటను మాత్రం మార్చకూడదు. దానిని ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచి, ఏ సంవత్సరపు ఏ పత్రంలోనిదో పక్కనే రాయాలి. అది ఆ కాలపు మాట, మన మాట కాదు అని చదివేవారికి తెలియాలి.

మన పూర్వులు ఈ విషయం మీద మౌనంగా ఉన్నారనుకోవడం పొరపాటు. మనుస్మృతి పన్నెండు రకాల పుత్రులను లెక్కించింది. కన్యగా ఉండగా కన్న కొడుకు కానీనుడు. పెళ్లినాటికే గర్భవతి అయిన స్త్రీ కొడుకు సహోఢుడు. తండ్రి ఎవరో తెలియకుండా ఇంట పుట్టినవాడు గూఢోత్పన్నుడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క స్థానం. ఆ స్థానాలు సమానమైనవి కావు. అయినా వారు లెక్కలో ఉన్నారు. వ్యాసుడు కానీనుడు, కర్ణుడు కానీనుడు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ మన పాఠాలకు కొత్త కాదు: గోత్రమేమిటని గురువు అడుగుతాడని తల్లి జబాలను అడిగితే, తండ్రి ఎవరో తనకు తెలియదని ఆమె ఉన్నమాట చెప్పింది. అతడు దానినే గురువు ముందు చెప్పి, తల్లి పేరుతో సత్యకామ జాబాలుడయ్యాడు. పత్రపరిశోధన చేసేవారికి ఇంతకంటె పాత ఉదాహరణ అక్కరలేదు. తెలిసినది చెప్పారు, తెలియనిది తెలియదన్నారు, ఒక తండ్రిని కల్పించలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. తల్లి పేరు కనిపించిన ప్రతిచోటా వివాహేతర జననం ఉన్నదనుకోరాదు. శాతవాహన రాజులు గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లుల పేర్లతో చెప్పుకొన్నారు. నాసిక్ గుహలలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం మహారాష్ట్రలోని మన పిల్లలు వెళ్లి చూడగల దూరంలోనే ఉన్నది. అది రాజకుటుంబపు ఆచారం, అంతే.

ఇక మనకు బాగా దగ్గరి ఉదాహరణ యానాం. చుట్టూ గోదావరి జిల్లాలో ఇంగ్లీషువారి పాలన, మధ్యలో ఈ చిన్న ఊరిలో 1954 వరకు ఫ్రెంచివారి పాలన. అందువలన ఒకే కుటుంబం రెండు రకాల పత్రాలలో రెండు రకాలుగా కనిపిస్తుంది. మద్రాసు రాజధానిలోని పల్లెల జనన మరణ లెక్కలలో బిడ్డకు పేరు కూడా లేకుండా 'మగ శిశువు' అని ఒక ముక్కతో సరిపెట్టడం సాధారణం. ఫ్రెంచి పద్ధతి వేరు. ప్రతి జననానికి ఒక వరుస సంఖ్య, ఒక పూర్తి పేరా: ఏ రోజున, ఏ గంటకు, ఎవరు వచ్చి చెప్పారు, వారి వయస్సు, వృత్తి, సాక్షులెవరు, ఎవరు సంతకం చేశారు, ఎవరికి సంతకం రాదు. అంచున ఖాళీ వదిలి ఉంచుతారు. తరువాతి కాలంలో ఆ మనిషి జీవితంలో జరిగిన మార్పులు ఆ అంచులోనే చేరుతాయి. ఫ్రెంచి రిజిస్టరు చూసేటప్పుడు పేరాకంటె ముందు అంచు చదవమని నా సలహా.

ఆ రిజిస్టర్లలో బిడ్డ 'లెజితిమ్' గానో 'నాతురెల్' గానో కనిపిస్తుంది. మొదటిది దంపతుల బిడ్డ, రెండవది పెళ్లి కాని తల్లిదండ్రుల బిడ్డ. 'నాతురెల్' అన్న మాటకు సూటి అర్థం 'సహజమైన' అని. మన 'అక్రమ' కంటె ఆ మాటే నయమనిపిస్తుంది గాని, దాని వెనుక చట్టం ఏమంత దయగలది కాదు. 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి ప్రకారం తండ్రి ఎవరో తేల్చమని న్యాయస్థానానికి వెళ్లడం నిషిద్ధం. ఫ్రాన్సులో ఆ నిషేధం 1912 దాకా నిలిచింది. తల్లి ఎవరో నిరూపించవచ్చు, తండ్రి ఎవరో అడగరాదు. తండ్రి తనంతట తానుగా వచ్చి, లేదా అధికార పత్రం ద్వారా, ఈ బిడ్డ నా బిడ్డ అని ఒప్పుకొంటే తప్ప అతని పేరు బిడ్డ తండ్రిగా నమోదు కాదు. ఆ ఒప్పుకోలును 'రెకొనెసాన్స్' అంటారు. అది పుట్టిన రోజునే జరగవచ్చు, ఇరవై ఏళ్ల తరువాత జరగవచ్చు. జరిగితే అంచున చేరుతుంది. ఆ తరువాత తల్లిదండ్రులు పెళ్లి చేసుకొంటే బిడ్డ స్థానం కూడా మారుతుంది. అదీ అంచులోకే వస్తుంది.

కాబట్టి 'పేర్ ఎంకొన్యు', అంటే 'తండ్రి తెలియదు' అని కనిపించినప్పుడు ఆ తల్లికి తెలియదని అర్థం కాదు. ఊరందరికీ తెలిసి ఉండవచ్చు. రాసిన గుమాస్తాకూ తెలిసి ఉండవచ్చు. చట్టం ఆ పేరును రాయనివ్వలేదు. ఆ రెండు మాటలను చదివి ఒక ముత్తవ్వ నడవడిని గురించి తీర్పు చెప్పినవారు పత్రాన్ని చదవలేదన్నమాట.

యానాంలో దీనికి తోడు మరో చిక్కు ఉన్నది. ఫ్రెంచివారు 1819లో తమ స్మృతులను ఇక్కడ అమలులోకి తెచ్చినా, హిందువుల, మహమ్మదీయుల కుటుంబ విషయాలను వారి వారి ఆచారాలకే వదిలిపెట్టారు. 1881 సెప్టెంబరు 21 నాటి ఆజ్ఞ ప్రకారం కోరుకొన్నవారు ఆ ఆచారాన్ని వదులుకొని ఫ్రెంచి స్మృతి కిందికి రావచ్చు. అట్లా వచ్చినవారు ఒక కుటుంబనామాన్ని కూడా ఎంచుకొన్నారు. అంటే ఒకే వీధిలో రెండు చట్టాల కింది ఇళ్లు. హిందూ ఆచారం ప్రకారం బంధువుల ఎదుట జరిగిన పెళ్లి రిజిస్టరుకు ఎక్కకపోతే, ఆ దంపతుల బిడ్డ కాగితం మీద ఎట్లా కనిపిస్తుంది? పెళ్లి పత్రం దొరకలేదు గనుక పెళ్లి జరగలేదని మనం రాయలేము. దీనికి తలకిందులైన విషయం కూడా ఉన్నది. శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చిన తరువాత బాల్యవివాహాలు చేయదలచిన గోదావరి జిల్లావారు చట్టం వర్తించని యానాంకు తరలివచ్చి పెళ్లిళ్లు చేసుకొన్నారు. ఆ రోజుల్లో ఊరికి కల్యాణపురం అన్న పేరు పడింది. సొంత ఊళ్లో ఏ ఆధారమూ దొరకని పెళ్లి యానాంలో జరిగి ఉండవచ్చు.

ఈ రిజిస్టర్లు చూడడానికి ఇప్పుడు ఫ్రాన్సు వెళ్లనక్కరలేదు. వలస ప్రాంతాల రిజిస్టర్లకు ఒక ప్రతి తీసి ఫ్రాన్సుకు పంపాలని 1776లోనే రాజశాసనం వచ్చింది. ఆ సంప్రదాయం వలన దక్కిన ప్రతులు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. పాత రిజిస్టర్ల చిత్రాలను ఆ సంస్థ అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. తెలుగు పేర్లను ఫ్రెంచి చెవితో రాశారన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఉకారానికి 'ఓ, యు' అక్షరాలు రెండూ కలిపి, జకారానికి 'డి, జె' కలిపి రాస్తారు. సుబ్బమ్మను 'ఎస్, యు'తో వెదికితే దొరకదు.

యానాం కాగితాలలో తండ్రి పేరు లేకపోతే, మద్రాసులోని ఇంగ్లీషు కాగితాలలో తల్లి పేరు ఉండదు. 1789లో ఎగ్మూరులో మగపిల్లల సైనిక అనాథాశ్రమం వెలసింది. అక్కడి పిల్లలలో పెక్కుమంది యూరోపియన్ సైనికులకు దేశీయ స్త్రీలయందు పుట్టినవారు. ఉపాధ్యాయులకు ఈ పేరు పరిచితమే కావచ్చు. ఆండ్రూ బెల్ ఇక్కడే, వీధిబడిలో పిల్లలు ఇసుక మీద అక్షరాలు దిద్దడం చూసి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని పెంపొందించి, 1797లో ఇంగ్లండులో దానిపై పుస్తకం అచ్చు వేశాడు. 'మద్రాసు పద్ధతి' అని ప్రపంచమంతా చెప్పుకొన్న బోధనావిధానం మొదట పరీక్షకు నిలిచింది ఈ పిల్లల మీదనే. బోధనాశాస్త్ర గ్రంథాలలో బెల్ పేరు ఉంటుంది, ఇసుక ఉంటుంది, ఈ పిల్లలు ఎవరన్నది చాలాచోట్ల ఉండదు. ఆ కాలపు జ్ఞానస్నాన రిజిస్టర్లలో ఇటువంటి బిడ్డల పక్కన తండ్రి పేరు, దళం, హోదా అన్నీ ఉండి, తల్లి దగ్గరికి వచ్చేసరికి 'దేశీయ స్త్రీ' అన్న మాటతో ఆగిపోవడం తరచు కనిపిస్తుంది. ఆమె ఏ ఊరిది, ఏ భాషలో జోల పాడింది అన్నది ఏ గడిలోనూ లేదు. ఫ్రెంచివాని గడి తండ్రిని దాచింది, ఇంగ్లీషువాని గడి తల్లిని దాచింది. సైనికాధికారుల వీలునామాలలో మాత్రం ఒక్కొక్కసారి ఆమెకు పేరు దొరుకుతుంది, కొంత సొమ్ము రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు.

ఇక కలావంతుల కుటుంబాల విషయం. ఈ విషయాన్ని దాటవేసి తెలుగు దేశపు వంశచరిత్ర రాయడం సాధ్యం కాదు. దేవాలయానికో ఆస్థానానికో అంకితమైన స్త్రీల ఇళ్లలో వంశం తల్లి నుంచి కూతురికి సాగింది. ఆస్తి, విద్య, ఇంటిపేరు కూడా. వారికి తండ్రి గడి ఖాళీ కావడం లోపం కాదు, ఆ గడి వారి లెక్కలో ప్రధానమైనదే కాదు. తమిళనాట ఉన్న మన పిల్లలకు సులభంగా చెప్పాలంటే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరు చూపవచ్చు. అందులో మొదటి అక్షరం మధుర, రెండవది తల్లి షణ్ముఖవడివు. దేవదాసీ అంకితాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టంతో నిషేధించింది. ఆ సంస్కరణ జరిగిన కాలంలోనే ఈ కుటుంబాలు పాత కులనామాలను వదులుకొన్నాయి. తెలుగు నాట సూర్యబలిజ, తమిళనాట ఇసై వేళ్ళాళర్ అన్న పేర్లు వచ్చాయి. ఒక తరం కాగితానికీ తరువాతి తరం కాగితానికీ కులం గడిలో తేడా ఉంటే అవి వేరు కుటుంబాలని తేల్చివేయకూడదు.

ఈ ఇళ్ల వంశాన్ని చెరిపివేయడం ఎట్లా జరిగిందో చూపే ఒక ఉదంతం మన సాహిత్య చరిత్రలోనే ఉన్నది. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో (1739–1763) ఉన్న ముద్దుపళని తన 'రాధికాసాంత్వనం' పీఠికలో అందరు కవులవలెనే తన వంశాన్ని చెప్పుకొన్నది. అవ్వ తంజనాయకిని పేరుపెట్టి తలచుకొన్నది. 1887లో పైడిపాటి వెంకటనరసు ఆ కావ్యాన్ని మొదట అచ్చు వేసినప్పుడు ఆ పీఠికను వదిలివేశాడు. కవయిత్రి ఉన్నది, ఆమెకు ఇల్లు లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని వెదకి తెప్పించి, వదిలివేసిన భాగాలన్నీ చేర్చి, వావిళ్లవారి ద్వారా పూర్తి గ్రంథాన్ని వెలువరించింది. మరుసటి ఏడు ప్రభుత్వం అది అశ్లీలమని ప్రతులు స్వాధీనం చేసుకొన్నది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. శృంగార పద్యాల గురించిన వివాదం అందరికీ తెలుసు. ఆ పుస్తకంలో తిరిగి అచ్చయిన వాటిలో ఒక స్త్రీ వంశావళి కూడా ఉన్నదని ఎవరూ పెద్దగా చెప్పరు. నాగరత్నమ్మ స్వయంగా 1878లో నంజనగూడులో దేవదాసి పుట్టలక్ష్మికి పుట్టి, తండ్రి ఆదరణ లేక తల్లి చేతిలో పెరిగినది. ఏది పోయిందో ఆమె కంటికి వెంటనే ఆని ఉంటుంది.

ఆ ప్రతాపసింహుని పుట్టుకే ఒక వివాదం. తుక్కోజీకి ఖడ్గవివాహపు భార్యయందు పుట్టినవాడని చెబుతారు. ఖడ్గవివాహమంటే వరునికి బదులు అతని కత్తిని నిలిపి జరిపే పెళ్లి. అది పెళ్లి అవునా కాదా అన్న ప్రశ్నకు జవాబు, అడిగేవాడు సింహాసనం మీద ఎవరిని చూడదలచాడో దాన్నిబట్టి మారింది. ఆస్తి దావాలలోనూ ఇదే సంగతి. మితాక్షర శూద్రులలో దాసీపుత్రునికి తండ్రి ఆస్తిలో భాగం ఒప్పుకొన్నది. ద్విజులలో పోషణ మాత్రమే ఇచ్చింది. (కర్ణాటకలోని కల్యాణలో పుట్టిన ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు.) అందుచేత మద్రాసు హైకోర్టు నివేదికలలో ఇటువంటి దావాలు ఎన్నో. వాటి నుంచి విలువైన కుటుంబ వివరాలు దొరుకుతాయి గాని, ప్రతి సాక్షీ ఏదో ఒక పక్షం మనిషే అన్నది మరువరాదు.

నేటి చట్టం ఎక్కడ ఉన్నదో బడులలో చేర్పులు చూసేవారు తెలుసుకొని ఉండాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం వివాహేతర సంతానానికి తల్లే మొదటి సంరక్షకురాలు. అవివాహిత తల్లి బిడ్డ తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షకురాలు కావచ్చునని, జనన ధ్రువపత్రం పొందవచ్చునని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చెల్లని వివాహాల వలన పుట్టిన సంతానానికి, ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు వచ్చే వాటాపై హక్కు ఉన్నదని 2023లో కర్ణాటక నుంచి వెళ్లిన వ్యాజ్యంలో తేల్చింది. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం అధికార పత్రాలలో బిడ్డ పేరు వెంటనే తల్లి పేరు ఉండాలని నిర్ణయించింది. చేర్పు ఫారంలో తండ్రి పేరు నింపలేదని ఒక తల్లిని బల్ల ముందు నిలబెట్టి, పదిమంది వినేటట్టు కారణం అడిగే గుమాస్తాకు ఈ నాలుగు వాక్యాలు చదివి వినిపించవచ్చు.

రాయవలసిన తీరు గురించి నా అభిప్రాయం ఇది. పత్రంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. 'తల్లి ఫలానా, తండ్రి పేరు నమోదు కాలేదు, ఫలానా సంవత్సరపు రిజిస్టరు, ఫలానా సంఖ్య' అంటే సరిపోతుంది. ఊరిలో చెప్పుకొనే పేరు ఏదైనా ఉంటే, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలిపి వేరే వరుసలో రాయాలి. దానిని తండ్రి గడిలోకి ఎక్కించకూడదు. పరువు కోసం తాత పేరును తండ్రి గడిలో రాయడం, అక్క బిడ్డగా చూపడం, బిడ్డను అసలే వదిలివేయడం – ఇవన్నీ మన ఇళ్లలో జరిగినవే. పెంచినవారి పేరు రాయడం తప్పు కాదు. 'పెంచినవారు' అని చెప్పి రాయాలి. మేనమామ ఇంట పెరిగిన పిల్లవానికి మేనమామ పేరు ఆ చెట్టు మీద ఉండి తీరాలి.

బ్రతికి ఉన్నవారి విషయం పూర్తిగా వేరు. వందేళ్ల నాటి రిజిస్టరు గురించి మాట్లాడినంత తేలికగా పక్కవీధి మనిషి గురించి మాట్లాడలేము. ఆ వ్యక్తి గాని, అతని బిడ్డలు గాని జీవించి ఉంటే వారి ఒప్పుదల లేనిదే ఆ వివరం కుటుంబ వాట్సాప్ గుంపులోకి కూడా పోకూడదు. విదేశాలలో ఉన్న బంధువులు సరదాగా చేయించుకొనే డీఎన్ఏ పరీక్షలు ఎవరూ ఊహించని దాయాదులను చూపుతున్నాయి. ఫలితం చేతికి వచ్చినవారు మొదట మాట్లాడవలసినది ఆ ఒక్క మనిషితో.

తరగతి గది సంగతికి వస్తే, ఏడెనిమిదేళ్ల పిల్లలకు రెండు వైపులా సమానంగా గడులు గీసిన అచ్చు పటం ఇవ్వడం మానుకోవడం మంచిది. తెల్లకాగితం ఇచ్చి 'మీ ఇంట్లో ఎవరెవరున్నారు, వారిని ఏమని పిలుస్తారు' అని అడిగితే బంధువాచకాలన్నీ వస్తాయి. అమ్మమ్మ, పెద్దమ్మ, మామ ఉన్న ఇంటిలో నాన్న గడి కోసం ఏ బిడ్డా తడుముకోదు. వంశచరిత్ర పరిశోధన తొమ్మిదవ తరగతికి పైవారికి, అదీ ఇష్టపడినవారికే ఇవ్వవచ్చు. పత్రాల నకళ్లు, పెద్దలు చెప్పిన మాటలు వేరు వేరు కవర్లలో ఉంచి, పైన తేదీ వేసి, చెప్పినవారు కోరితే ఎప్పటిదాకా తెరవకూడదో కూడా రాసి ఉంచమని చెప్పండి. పటం మీద గీత తెగినచోట పెన్సిలుతో ఒక చిన్న చుక్క పెట్టించండి. తరువాత ఎప్పుడైనా రిజిస్టరు అంచున ఒక పేరు దొరికితే అక్కడి నుంచి కొనసాగించుకొంటారు.